ఏడు భుజాల మనిషి

కొత్త టర్ము మొదటి రోజు, బస్సు దిగే ముందు పిట్ట తన మేనత్త దగ్గర మాట తీసుకుంది.

"అత్తా, కాలేజీలోకి అడుగు పెట్టాక నువ్వెవరో, నేనెవరో. సరేనా?"

"నేనెవరో నాకు తెలుసు. నీ సంగతే నువ్వు చూసుకో," అంది అత్త.

"అది కాదత్తా. మా క్లాసువాళ్లు ఊరికే ఏడిపిస్తారు. ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని చదువుకి వచ్చిందంటారు."

"నీ వెంట నేను రావడమేంటే? బస్సులో సీటు పట్టిందెవరు, దాంట్లో కూర్చుని నిద్రపోయిందెవరు?" అని, పిట్ట ముఖం చూసి జాలిపడి, "సరేలే. నిన్ను చూసినా గోడని చూసినట్టే చూస్తా," అని మాటిచ్చింది.

ఆమెకు నలభై నాలుగేళ్లు. అయినవాళ్లూ కానివాళ్లూ అందరూ కత్తెరక్క అనే పిలుస్తారు. కోట్లూ సూట్లూ కుట్టే పెద్ద దుకాణంలో ఇరవై రెండేళ్లు కటింగ్ బల్ల ఆమెదే. మనిషి తలుపు తోసుకుని లోపలికి వస్తుండగానే ఛాతీ ఎంతో, నడుము ఎంతో కళ్లతోనే కొలిచేది. టేపు కేవలం వచ్చినవాళ్ల తృప్తి కోసం. యజమానికి చూపు మందగించి దుకాణం మూసేసినప్పుడు మరో రెండు దుకాణాలవాళ్లు రమ్మని కబురు పెట్టారు. కత్తెరక్క వెళ్లలేదు.

"ఇన్నాళ్లూ మనుషులకి గుడ్డలు వేశాను. ఇక మనుషుల్నే వేస్తా," అంది భర్తతో.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అన్నం తింటూ కాసేపు ఆలోచించి, "పైకి పోవాలనుకుంటే బటన్ నొక్కాలి. నొక్కు మరి," అన్నాడు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద చర్చ జరగలేదు.

చిత్రకళాశాలలో సాయంత్రం తరగతుల్లో చేరి ఏడాది పాటు కుండలు, సీసాలు, బల్ల మీద పరిచిన దుప్పట్లు గీసింది. గుడ్డలో ముడత ఎక్కడ పుట్టి ఎక్కడ అణిగిపోతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పరీక్షలో మంచి మార్కులొచ్చాయి. దాంతో ఈ టర్ము నుంచి పగటి తరగతిలో, రెండో సంవత్సరంలో చేర్చుకున్నారు. పగటి తరగతిలోనే మనిషిని ఎదురుగా నిలబెట్టి గీయిస్తారు. ఆమెకు కావలసింది అదే. ఆమె అన్నగారి కూతురు పిట్ట కూడా ఆ తరగతిలోనే ఉండటం మాత్రం పిట్ట దురదృష్టం.

స్టూడియో మూడో అంతస్తులో ఉంది. ఎత్తైన కిటికీలు, ఏళ్ల తరబడి రంగు చుక్కలు పడి అసలు రంగేదో మరిచిపోయిన నేల, మూలన కుళాయి, దాని కింద మురికిపట్టిన సింకు. మధ్యలో మోకాలెత్తు చెక్క వేదిక. దాని చుట్టూ కాగితాలు బిగించి గీసే ఈజిళ్లు. కత్తెరక్క తను కుట్టుకున్న నాలుగు జేబుల ఏప్రాన్ కట్టుకుని లోపలికి రాగానే, పిట్ట తప్ప మిగతా పదహారు మంది పిల్లలూ గబుక్కున లేచి నిలబడ్డారు.

"గుడ్ మార్నింగ్ మేడం!"

"కూర్చోండి, కూర్చోండి. నేనూ మీ బాపతే," అంది కత్తెరక్క. కిటికీ పక్కన ఖాళీగా ఉన్న ఈజిల్ చూసుకుని వెళ్లింది. దారిలో పిట్ట ఎదురైతే గోడని చూసినట్టే చూసింది. పిట్ట పెన్సిల్ చెక్కుకుంటున్నట్టు తల వంచుకుంది. పెన్సిలేమో అప్పటికే సూదిలా ఉంది.

కాసేపటికి అసలు మేడం వచ్చింది. వయసులో కత్తెరక్క కంటే పదేళ్లు చిన్నది. మాట మాత్రం కొలిచినట్టు, తక్కువగా మాట్లాడుతుంది.

"ఈ టర్మంతా మనిషి బొమ్మే. మూడు నియమాలు. రబ్బరు వాడకూడదు. తప్పు గీత పడితే అలాగే ఉంచి దాని పక్కన ఒప్పు గీత గీయండి. మోడల్‌తో మాట్లాడకూడదు. వేదిక ఎక్కకూడదు." తర్వాత కిటికీ వైపు చూసి, "ఇక్కడ చిన్నా పెద్దా తేడా ఏమీ ఉండదు. మీకు ఇబ్బంది లేదు కదా అండీ?" అని అడిగింది.

"లేదు మేడం. పెద్దరికం ఇంట్లోనే పెట్టి వచ్చాను," అంది కత్తెరక్క.

క్లాసంతా నవ్వింది. మేడం కూడా పెదవి చివరన కొంచెం నవ్వింది.

మోడల్‌గా వచ్చినాయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. అరవై ఆరేళ్లు. పొడుగ్గా, సన్నగా, బనియనూ ప్యాంటుతో వేదిక ఎక్కి ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఎడమ భుజం కుడిదాని కంటే ముప్పాతిక అంగుళం కిందికుందని కత్తెరక్క చూడగానే పట్టేసింది. ఉత్తరాల సంచి ఆ భుజానే మోసుంటాడు. ఈయనకి కోటు కుట్టాల్సొస్తే ఎడమవైపు లోపల ఒక పొర దూది ఎక్కువ పెట్టాలి, అనుకుంది. వెంటనే, 'ఇది కోటు కాదు, బొమ్మ' అని తనను తానే మందలించుకుంది.

మోడల్‌కి పది నిమిషాలకోసారి విరామమిస్తుంటే, మొత్తం గంట సేపు గీసింది. మేడం ఒక్కొక్కరి వెనకా నిలబడి చూస్తూ ఆమె దగ్గరకు వచ్చింది. పెన్సిల్‌ను చాపిన చేతిలో నిలువుగా పట్టుకుని ఒక కన్ను మూసి మోడల్‌ని కొలిచింది, బొమ్మని కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఒక్క కొలత కూడా తప్పు పోలేదు. ఇంత కచ్చితంగా గీసినవాళ్లని నేను చూడలేదు," అంది.

కత్తెరక్కకు ఒళ్లు పులకరించింది. కానీ మేడం అక్కడితో ఆపలేదు.

"మనిషి మాత్రం రాలేదు. ఇది హ్యాంగర్‌కి తగిలించిన కోటులా ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. కత్తెరక్క బొమ్మను పరీక్షగా చూసింది. నిజమే. కొలతలన్నీ ఉన్నాయి, ఆయన లేడు.

"మరి మనిషి ఎటు పోయాడో చెప్తారా మేడం? వెతుక్కుంటాను."

"చెప్తే వచ్చేది కాదండీ. చూస్తూ ఉండండి," అని మేడం ముందుకు కదిలింది.

మధ్యాహ్నం మెట్ల మలుపులో కూర్చుని కత్తెరక్క డబ్బా విప్పుతుంటే, పైనా కిందా ఎవరూ లేరని చూసుకుని పిట్ట వచ్చి పక్కన కూర్చుంది.

"బాధపడ్డావా అత్తా?"

"ఎందుకు? మొదటి ట్రయల్‌లోనే సరిపోయిన కోటుని నువ్వెప్పుడైనా చూశావా? చంక దగ్గర పట్టేస్తుంది, వీపు దగ్గర ఉబ్బుతుంది. విప్పి మళ్లీ కుడతాం. దానికి ఏడుస్తూ కూర్చుంటే దుకాణం నడిచేదేనా?" అని, "నీ బొమ్మకి ఏమన్నారు?" అని అడిగింది.

పిట్ట ముఖం ముడుచుకుంది. "నీడలు బాగున్నాయట. పాదాలు నేల మీద లేవట. గాల్లో వేలాడుతున్నాడట."

"అయితే ఇంటికి ఒక కోటూ ఒక గాలిపటమూ తీసుకుపోతున్నామన్నమాట," అంది అత్త. పిట్టకు నవ్వాగలేదు. పైనుంచి అడుగుల చప్పుడు వినిపించగానే డబ్బాలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని తుర్రుమంది.

మంగళవారం, బుధవారం అలాగే గడిచాయి. కత్తెరక్క చూస్తూనే ఉంది. కాగితం మీద కోట్లు వస్తూనే ఉన్నాయి. ఆమె మాత్రం దిగులు పడలేదు. కొలత చేతిలో ఉన్నవాడికి మిగతాది ఎప్పటికైనా దొరుకుతుందని ఆమె నమ్మకం. కటింగ్ బల్ల దగ్గర నిలబడటానికి ఆమె మూడేళ్లు గుండీలు కుట్టింది మరి.

గురువారం మేడం మధ్యలో విరామం లేకుండా కొంచెం ఎక్కువసేపు ఉండే భంగిమ పెట్టింది. నలభై నిమిషాలు. మోడల్ కోసం స్టూలు తెప్పించబోతే పోస్ట్‌మ్యాన్ ఒప్పుకోలేదు.

"ముప్పై రెండేళ్లు కాళ్ల మీదే బతికానమ్మా. నలభై నిమిషాలు నాకో లెక్కా? మీరు కానివ్వండి."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, రెండు మోకాళ్లూ బిగబట్టి, సిపాయిలా నిలబడ్డాడు. గది నిశ్శబ్దమైంది. పదిహేడు బొగ్గుకడ్డీలు, ఒక పెన్సిల్ కాగితాల మీద కదలసాగాయి.

ఐదు నిమిషాల్లో కత్తెరక్క భుజాల గీత గీసింది. నడుం దగ్గరికి వెళ్లి, మళ్లీ పైకి వచ్చి చూసుకుంటే ఎడమ భుజం తను గీసినచోట లేదు. కొంచెం కిందుంది. కొలత తప్పానా అనుకుంది. ఆమెకది అలవాటు లేని ఆలోచన. రబ్బరు లేదు కాబట్టి కింద ఇంకో గీత గీసింది. ఇంకో ఐదు నిమిషాలకు ఆ గీత కూడా తప్పయింది. మూడోది గీసింది. తుంటి కుడివైపుకి జరిగింది, దానికో గీత. మెడ ముందుకొచ్చింది, దానికో గీత. నాలుగో భుజం, ఐదో భుజం. కాగితమంతా గజిబిజి అయింది. ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఇంత అసహ్యంగా గీత గీసి ఎరగను, అనుకుంది లోపల. అయినా చెయ్యి ఆగలేదు.

ఆరో భుజానికీ ఏడో భుజానికీ మధ్య దూరం ఒక్కసారిగా రెండింతలైంది. కత్తెరక్క పెన్సిల్ ఆపి ఆయన ముఖం వైపు చూసింది. చెవి తమ్మెలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు.

చుట్టూ అందరూ గీస్తూనే ఉన్నారు. మేడం అటు తిరిగి ఎవరికో పాదం గురించి చెబుతోంది.

కత్తెరక్క పెన్సిల్ పారేసి రెండంగల్లో వేదిక ఎక్కింది. "ఏమండీ!" అని మేడం వెనక్కి తిరిగేలోపే పోస్ట్‌మ్యాన్ నిలువునా ముందుకు ఒరిగాడు. ఆమె ఆయన ఛాతీకి తన భుజం ఆనించి, రెండు చంకల కింద చేతులు వేసి, బరువంతా తన మీదకి తీసుకుని మెల్లగా చెక్కల మీద కూర్చోబెట్టింది. ఎన్ని మందపాటి గుడ్డ తానులు దించిన చేతులవి!

"పిట్టా! నీళ్లు! పరిగెత్తు!"

"తెస్తున్నా అత్తా!"

పిట్ట కుళాయి వైపు పరిగెత్తి, నీళ్లు తెచ్చి ఇచ్చి, ఆయన తలకింద తన సంచి మడిచి పెట్టాక గానీ తను ఏమందో తనకు తెలియలేదు. తెలిసేసరికి పదహారు మంది ఆమెనే చూస్తున్నారు.

"అత్తా?" అన్నాడు ఒకడు.

"అవును, మా నాన్న చెల్లెలు. అయితే ఏంటి?" అంది పిట్ట, గడ్డం పైకెత్తి.

"ఏం లేదు. మా అత్త కూడా వస్తే బాగుండేదని," అన్నాడు వాడు.

కాళ్లు ఎత్తు మీద పెట్టి పడుకోబెట్టాక పోస్ట్‌మ్యాన్ ముఖంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది. మేడం పక్కన మోకాళ్ల మీద కూర్చుని నాడి చూస్తోంది. ఆలస్యమవుతుందని పొద్దున్న ఏమీ తినకుండా వచ్చానని ఆయన సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. మూడు సంచుల్లోంచి మూడు డబ్బాలు బయటికొచ్చాయి. ఆయన తిని, తేరుకుని, గోడకానుకుని కూర్చుని, "ఎండలో కూడా ఎప్పుడూ పడలేదు, నీడలో పడ్డాను. ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

అప్పుడు మేడం లేచి కత్తెరక్క దగ్గరకు వచ్చింది. 

"మీరు వేదిక ఎక్కారు."

"ఎక్కాను మేడం."

"ఎక్కవద్దన్నాను గానీ, పడిపోతుంటే పట్టుకోవద్దని అనలేదు. ఆ మాట కూడా ఇవాళే గోడ మీద రాయిస్తాను. నలభై నిమిషాలు నిలబెట్టడం నా తప్పు. ఆయన వద్దన్నా స్టూలు వేయాల్సింది." కాస్త ఊపిరి పీల్చుకుని, "నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నాకు తెలియలేదు. మీకెలా తెలిసింది?" అని అడిగింది.

"నాకేం తెలిసింది మేడం, కాగితమే చెప్పింది. కొలత మాటిమాటికీ తప్పిపోతుంటే సరిచేసుకుంటూ వచ్చాను. ఎంత సరిచేసినా ఆగలేదు."

మేడం ఈజిల్ ముందుకు వెళ్లి నిలబడింది.  పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఆమె వెనక గుమిగూడారు. కాగితం మీద ఒకే మనిషికి ఏడు భుజాలున్నాయి. పైనున్నది బింకంగా, అడ్డబద్దలా ఉంది. కిందికి వచ్చేకొద్దీ ఒక్కో గీతా సడలిపోయింది. మెడ ముందుకు వాలుతూ, తుంటి పక్కకు జారుతూ, ఒకే బొమ్మలో మనిషి నిలబడటానికి పడే తంటా అంతా కనిపిస్తోంది. ముఖం కూడా గీయలేదు. అయినా అది ఆయనే.

"సోమవారం మీరు వెతుక్కుంటానన్న మనిషి వచ్చాడు," అంది మేడం.

"ఇది బొమ్మ కాదు మేడం, తప్పుల పట్టిక," అంది కత్తెరక్క నిజాయితీగా.

"అవి తప్పులైతే మీరు పరిగెత్తేవారు కాదుగా? దీన్ని చింపకండి. ఇకమీద పనిగట్టుకుని ఇలాగే గీయండి. ఆయన కదిలితే మీరూ కదలండి."

ఆ మాటతో కత్తెరక్క బుర్రలో దీపం పెట్టినట్టయింది. దుకాణంలో కొలతలు తీసేటప్పుడు అందరితో ఒకటే మాట అనేది: కదలకండి. ఇరవై రెండేళ్లు మనుషుల్ని కదలవద్దని కొలిచింది. కదలనివాళ్లనే గీస్తూ, మనిషి ఎందుకు రావడం లేదని చూస్తోంది.

సోమవారం ఆమె ఇంటి నుంచి గోధుమరంగు కాగితం చుట్ట ఒకటి మోసుకొచ్చింది. కోట్ల నమూనాలు కత్తిరించే కాగితం, నిలువెత్తు పొడవుంటుంది. ఈజిల్ మీద ఇరుకుగా ఉందని, నేల మీద పరుచుకుంటానని అడిగింది. మేడం ఒక్క క్షణం ఆలోచించి, ఈజిళ్లు జరపమని పిల్లలకు చెప్పింది. కత్తెరక్క చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి దర్జీ సుద్ద తీసింది. ఆ సుద్ద చేతిలోకి రాగానే చెయ్యి మోచేతి నుంచి కాక భుజం నుంచి కదిలింది. పోస్ట్‌మ్యాన్ ఈసారి స్టూలు మీద కూర్చున్నాడు. కాలు మార్చాడు, వీపు గోక్కున్నాడు, ఒకసారి కునుకు తీశాడు. ఆమె అన్నిటినీ కాగితం మీదకి దించింది, దేన్నీ చెరపలేదు.

పిట్ట ఈజిల్‌ను అత్త పక్కకే మార్చుకుంది. సాయంత్రం బస్సులో ఇద్దరూ పాఠాలు మార్చుకునేవారు.

"నీ వాడి పాదాలు నేల మీదకి రావాలంటే, ముందు బరువెటుందో చూడవే. ప్యాంటు కొలత తీసుకునేటప్పుడు రెండు కాళ్ల మీదా సమంగా నిలబడండి అంటాం. ఒక్కడూ నిలబడడు. ఒక కాలు మోస్తుంది, ఇంకోటి కబుర్లు చెబుతుంది. మోసేదాన్ని ముందు గీయి."

"సరే. నువ్వు నీడ వేసేటప్పుడు ఇస్త్రీ చేసినట్టు నున్నగా రుద్దేయకు. వెలుగు ఎటు నుంచి వస్తుందో ఒకసారి తలెత్తి చూడు."

"చిత్తం పంతులమ్మా."

క్లాసులో అందరూ ఆమెను అత్త అనే పిలవడం మొదలుపెట్టారు. చివరికి మేడం కూడా హాజరు వేస్తూ ఒకసారి నోరు జారి, "అత్తగారు వచ్చారా?" అంది.

నాలుగో వారం చివర బొమ్మలన్నీ గోడలకు తగిలించి చూసుకునే రోజు వచ్చింది. పిట్ట గీసిన పోస్ట్‌మ్యాన్ రెండు పాదాలతో గట్టిగా నేల మీద నిలబడ్డాడు. కత్తెరక్క కాగితం ఒక గోడ సగం ఆక్రమించింది. పోస్ట్‌మ్యాన్ కూడా చూద్దామని వచ్చి, దాని ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, ఇందులో నేను ఒక్కణ్ణేనా? పదిమందిలా ఉన్నానే!"

"మీరొక్కరే బాబాయ్ గారూ. పదిమందంత కదిలారు మరి."

"మా ఆవిడకి చూపించకండి. కుదురుగా కూర్చోలేవా అని నలభై ఏళ్లుగా తిడుతోంది. ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికినట్టవుతుంది."

మేడం దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా చూసింది. "భుజం, వీపు, నడుం, మోకాలు... ఈ తరగతిలో వీటిని ఇంతకంటే బాగా గీసినవాళ్లు లేరు," అంది. తర్వాత గోడకి దగ్గరగా వంగి, "మరి చేతులేవండీ?" అంది.

కత్తెరక్క తన బొమ్మనే కొత్తగా చూసినట్టు చూసింది. ఎక్కడ చూసినా మణికట్టు దగ్గర ఒక అడ్డగీత. అక్కడితో సరి. ఒక్క అరచెయ్యి లేదు, ఒక్క వేలు లేదు. అన్ని వారాలు గీస్తూ, అది లోటని ఆమెకు తోచనే లేదు. ముందు తెల్లబోయింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"కఫ్ దగ్గర ఆపేశాను మేడం! చొక్కా అక్కడితో అయిపోతుంది కదా. ఆ తర్వాతది దర్జీ పని కాదు."

"చిత్రకారుడి పని మరి," అంది మేడం, తను కూడా నవ్వుతూ. "టర్ములో ఇంకా పది వారాలున్నాయి. చేతులు మొదలుపెట్టండి."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నాలయ్యాక కత్తెరక్క బల్ల తుడిచి, లైటు దగ్గరకు లాగి, భర్తను ఎదురుగా కూర్చోబెట్టింది.

"నీ చేతులు కావాలి. బల్ల మీద పెట్టు."

"ఇరవై ఏళ్ల కిందటే పట్టుకున్నావు కదా. ఇంకా సరిగ్గా చూడలేదా?" అన్నాడాయన, చేతులు చాపుతూ.

చూడలేదు. ఎడమ బొటనవేలి గోరు అడ్డంగా చీలి మళ్లీ పెరిగిందని, చూపుడువేలి కణుపు తీగలు లాగి లాగి ఉబ్బిందని, ఎంత కడిగినా గీతల్లో గ్రీజు మిగిలిపోతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ గోరు ఎప్పుడు చీలిందని అడిగింది. పెళ్లికి ముందే, లిఫ్టు తలుపులో పడి, అన్నాడు. ఆ కథంతా చెబుతూ చేతులు ఆడిస్తూనే ఉన్నాడు. ఆమె కదలవద్దని అనలేదు.

అరగంట తర్వాత కాగితం తిప్పి చూపించింది. ఆయన మెడ పక్కకు వంచి, కళ్లద్దాలు సర్దుకుని, న్యాయంగా తీర్పు చెప్పాడు.

"చెయ్యి కాదు, అరటిహస్తం వచ్చింది. పళ్లు బాగా పండాయి."

"పండనీ," అంది కత్తెరక్క. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఇంకోటి పరిచి, "ఈసారి కుడిచెయ్యి ముందు పెట్టు," అంది.